క్యారియర్ వచ్చింది, హ్యాండిల్ పోయింది

మా అమ్మ బస్సు దిగే ముందు ఆమె సంచులు దిగుతాయి. నర్సంపేట వైపు పల్లె నుంచి హనుమకొండ బస్టాండుకు వస్తుంది. కండక్టరు ఒకటి అందిస్తాడు, పక్క సీటు ఆవిడ ఇంకొకటి అందిస్తుంది, చివరికి చంకలో మూడోదానితో అమ్మ ప్రత్యక్షమవుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది కదా, అంతకుముందు నెలకోసారి వచ్చేది ఇప్పుడు పది రోజులకోసారి వస్తోంది. టికెట్ డబ్బులు మిగిలాయన్న సంతోషంలో ప్రతిసారీ ఒక సంచి అదనం. బియ్యం, పల్లికాయ, మక్క కంకులు, ఎండుమిర్చి. బతుకమ్మ రోజులైతే గునుగు పూల మోపు ఒకటి.

బస్టాండు నుంచి వడ్డేపల్లిలోని మా ఇంటికి స్కూటరే దిక్కు. కాళ్లు పెట్టుకునే చోట ఒక సంచి, కొక్కేనికి ఒకటి, సీటు కింది డిక్కీలో నా హెల్మెట్టు, నా పుస్తకాలు, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన గొడుగు. ఇంక చోటేది? మిగిలినవన్నీ అమ్మ ఒడిలోకే. గునుగు మోపును ఒడిలో పెట్టుకుని కూర్చుంటే ఎదురొచ్చేవాళ్లకు మనిషి కనిపించదు, పూలే కనిపిస్తాయి.

అందుకని వెనక క్యారియర్ పెట్టిద్దామనుకున్నాను. విడిభాగాల దుకాణంలో 650 రూపాయలకు నల్ల రంగు వేసిన ఇనుప క్యారియర్ ఒకటి కొన్నాను. ఆ పక్కనే ఉన్న మెకానిక్ ఇరవై నిమిషాల్లో బిగించాడు. చేతికి డబ్బు అందుకుంటూ, బండికి మొదటి నుంచీ ఉన్న వెనక హ్యాండిల్‌ను పాత పేపరులో చుట్టి నాకిచ్చాడు.

"ఇదేమిటన్నా?"

"అది ఇంక అవసరం లేదు మేడం. క్యారియర్ దాని చోటులోనే కూర్చుంటుంది. అందరికీ ఇలాగే చేస్తాం."

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. బలాలూ భ్రామకాలూ ఏటా నల్లబల్ల మీద గీస్తాను. అయినా ఆ పేపరు పొట్లాన్ని డిక్కీలో పడేసి ఇంటికి వచ్చేశాను. తప్పు పట్టుకున్నది నేను కాదు, అమ్మ. తర్వాతి వారం బస్టాండులో సంచులన్నీ క్యారియర్ మీద కట్టి, "చూడు, ఇక నీ ఒడి ఖాళీ" అని గొప్పగా చెప్పాను. అమ్మ ఎక్కి కూర్చుంది. చీర సర్దుకుంది. ఎడమ చేయి వెనక్కి పోనిచ్చి తడుముకుంది.

"నేను దేన్ని పట్టుకోవాలి బిడ్డా?"

నా భుజం పట్టుకోమన్నాను. మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకరు ఉంది. అక్కడ బండి ఎగరగానే భుజం వదిలేసి అలవాటు చొప్పున వెనకే పట్టుకుంది. హ్యాండిల్ ఉండవలసిన చోట క్యారియర్ పలక అంచు ఉంది. నునుపు చేయని వెల్డింగు ముక్క చూపుడు వేలిని కోసింది. పెద్ద గాయమేమీ కాదు, పసుపు పెట్టుకుని ఊరుకుంది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను.

అప్పటి నుంచి ఎక్కడ బండి ఆగినా వెనక భాగాలే చూస్తున్నాను. మా కాలేజీ పార్కింగులో, లక్ష్మీపురం కూరగాయల మార్కెట్ బయట, భద్రకాళి గుడి దగ్గర. క్యారియర్ ఉన్న స్కూటర్లలో చాలావాటికి హ్యాండిల్ లేదు. ఆ బండ్ల వెనక ఒకవైపుకు తిరిగి కూర్చున్న ఆడవాళ్ల ఎడమ చేతులు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. కొందరివి సీటు కవరు కుట్టును పట్టుకున్నాయి, కొందరివి నడిపేవాళ్ల చొక్కాను, కొందరివి దేన్నీ పట్టుకోలేదు. సంచికి తాడు ఉంది, మనిషికి పట్టు లేదు.

క్యారియర్ వద్దని నేనెప్పుడూ అనను. మన దగ్గర స్కూటరంటే మనిషిని మోసే వాహనమని కంపెనీలు అనుకోవచ్చుగానీ, గ్యాస్ బండ నుంచి బతుకమ్మ తాంబాలం దాకా దాని మీదే వెళుతుంది. నా వాదన హ్యాండిల్ గురించి. క్యారియర్ హ్యాండిల్‌కు తోడుగా రావాలి, దాన్ని తీసేసి కాదు. రెంటికీ చోటు కుదరకపోతే పోవలసింది క్యారియరే.

ఇది నా చాదస్తం కాదు, చట్టంలోనే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం చూడండి. ద్విచక్ర వాహనానికి నడిపేవాళ్ల సీటు పక్కనో వెనకో శాశ్వతమైన చేతిపట్టు ఉండాలి, కాళ్లు పెట్టుకునే మెట్టు ఉండాలి, వెనక చక్రాన్ని కనీసం సగమైనా కప్పే అడ్డు ఉండాలి అంటుంది. చక్రంలో బట్టలు చిక్కుకోకుండా పెట్టే ఆ అడ్డునే మనం సారీ గార్డు అంటాం. వెనక ఎవరు కూర్చుంటారో, ఏ బట్టలో కూర్చుంటారో ఆ నియమం రాసినవాళ్లకు బాగా తెలుసు. 2020లో కేంద్ర రవాణా శాఖ బండి వెనక పెట్టుకునే పెట్టెకు కూడా కొలతలు పెట్టింది: పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 510, ఎత్తు 500 దాటకూడదు. పెట్టె వెనక సీటును ఆక్రమిస్తే ఇంక రెండో మనిషి ఎక్కకూడదు. వెనక మనిషి ఉంటే మనిషి చోటు మనిషికి ఉండాలి, సరుకు దాని తర్వాతే.

"భుజం పట్టుకుంటారు కదా మేడం" అన్నాడు మెకానిక్, నేను పొట్లం తీసుకుని మళ్లీ వెళ్లినప్పుడు. అతని మాటను కొట్టిపారేయలేదు, ఆలోచించాను. బ్రేకు వేస్తే వెనక మనిషి ముందుకు, అంటే నా మీదికి వస్తుంది. అప్పుడు భుజం పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర బండి కదిలినప్పుడు మాత్రం ఆమె ఒళ్లు వెనక్కి పోతుంది. రెండు వైపులా కాళ్లు వేసి కూర్చున్నవాళ్లు మోకాళ్లతో సీటును బిగించుకుంటారు. చీరలో ఒకవైపుకు కూర్చున్న మనిషికి ఆ వీలు లేదు, ఉన్నది చేతులే. ఆ క్షణంలో నా భుజం పట్టుకుంటే ఆమె వెనక్కి పడబోయే ఊపంతా నా భుజం మీదుగా హ్యాండిల్‌బారుకు చేరుతుంది, బండి పక్కకు లాగుతుంది. హ్యాండిల్ పట్టుకుంటే అదే ఊపు నాలుగు బోల్టుల మీదుగా బండి చట్రానికి పోతుంది. చట్రానికి నొప్పి తెలియదు. నా భుజానికి తెలుస్తుంది, పైగా ఆ భుజమే బండి నడపాలి.

అతను విన్నాడు. వినలేదని చెప్పలేను. కానీ రెండూ కలిపి బిగించమంటే, "బోల్టులు సరిపోవు మేడం" అన్నాడు. నాకు అసలు విషయం అప్పుడు తెలిసింది. హ్యాండిల్ తీసేసే ఆచారానికి కారణం చోటు లేకపోవడం కాదు. హ్యాండిల్ తీసి దాని చోటులో క్యారియర్ పెడితే కంపెనీ బోల్టులే సరిపోతాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే ఇంకొంచెం పొడుగు బోల్టులు వెతకాలి. ఒక సెంటీమీటరు ఇనుము కోసం ఊళ్లో ఇంతమంది ఆడవాళ్ల చేతులు గాలిలో ఉన్నాయి.

అతని మీద కోపమేమీ లేదు. ఇరవై నిమిషాలకు ఇచ్చిన కూలికి హార్డ్‌వేర్ దుకాణాల చుట్టూ తిరగమనడం న్యాయం కాదు. అలా తిరిగే తీరిక ఉన్నది నాకు. ఆదివారం ఇంట్లోనే పని పెట్టుకున్నాను.

ముందు బరువు సంగతి తేల్చుకోవాలనిపించింది. బరువు చూసుకునే యంత్రాన్ని ముందు చక్రం కింద పెట్టి, వెనక చక్రం కింద అంతే ఎత్తు పలక వేసి, బండిని నిటారుగా పట్టుకోమని మా ఆయనను బతిమాలాను. ఖాళీ బండికి ముందు చక్రం మీద 43 కిలోలు చూపించింది. 20 కిలోల బియ్యం సంచిని క్యారియర్ మీద పెడితే అది 37 చిల్లరకు దిగింది. లెక్కకు సరిగ్గా సరిపోయింది. చక్రాల మధ్య దూరం దాదాపు 1250 మిల్లీమీటర్లు, క్యారియర్ మధ్య భాగం వెనక ఇరుసుకు 350 మిల్లీమీటర్లు వెనక ఉంది. ఇరవైని 350తో గుణించి 1250తో భాగిస్తే 5.6. అంటే వెనక పెట్టిన బరువు వెనక చక్రాన్ని నొక్కి ఊరుకోదు, ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. బడిలో పిల్లలాడే బల్ల ఊయల ఆట (సీ-సా) ఇదే. అదే సంచిని కాళ్ల దగ్గర పెడితే ముందు చక్రం మీద దాదాపు 56 చూపించింది.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను. "చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడు ఆయన.

తెలిసిందేమిటంటే, క్యారియర్ బియ్యానికి కాదు. బియ్యం రెండు చక్రాల మధ్య, కాళ్ల దగ్గరే ఉండాలి. క్యారియర్ మీదికి బరువు తక్కువగా, ఆకారం పెద్దగా ఉన్నవి వెళ్లాలి. ఎండుమిర్చి సంచి, గునుగు మోపు, పల్లికాయ తీగలు. మా వైపు పండే చపాట మిర్చి టమాటాలా గుండ్రంగా ఉంటుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎండిన ఆ మిర్చి సంచికి చూపు ఎక్కువ, తూకం తక్కువ. క్యారియర్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. ఇరవై కిలోల బియ్యం వెనక కట్టుకుని ఫాతిమానగర్ వంతెన ఎక్కి చూస్తే ముందు చక్రం ఎంత తేలికైందో చేతులకే తెలుస్తుంది, దానికి నా యంత్రం అక్కర్లేదు.

ఇక బోల్టుల దగ్గరికి వద్దాం. నేను ఎక్కువ కాలం గడిపింది అక్కడే, తప్పు చేసింది కూడా అక్కడే.

నా బండి హ్యాండిల్ బోల్టు 8 మిల్లీమీటర్ల లావు, 25 మిల్లీమీటర్ల పొడుగు. హ్యాండిల్ చెవి, అంటే బోల్టు దూరే చోటు, 6 మిల్లీమీటర్లు, వాషరు 2. ఆ ఎనిమిదీ పోతే చట్రంలోని మరలోకి 17 మిల్లీమీటర్లు దిగేది. క్యారియర్ పలక 4 మిల్లీమీటర్లు. దానికీ హ్యాండిల్‌కూ మధ్య కొంచెం ఎడం ఉండాలి కాబట్టి 6 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం ముక్క (బుష్) ఒకటి. అంటే పది పెరిగింది. పాత బోల్టే పెడితే మరలోకి దిగేది 7. ఈ లావు బోల్టుకు ఒక్కో చుట్టు 1.25 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర చుట్ల మీద అమ్మ చేయి, సంచులు, మా ఊరి గుంతలు అన్నీ వేలాడాలి. ఇనుములో ఇనుము బిగించేటప్పుడు కనీసం బోల్టు లావు ఎంతో అంత లోతుకు దిగాలి అన్నది పాత లెక్క. ఏడు ఎనిమిదికి తక్కువ. మెకానిక్ సరిపోవన్నది నిజమే.

స్టేషన్ రోడ్డు వైపు హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. 8.8 అని తల మీద ముద్ర ఉన్నవి కావాలన్నాను. మొదటి ఎనిమిది అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగదని, చుక్క తర్వాతి ఎనిమిది అంటే అందులో పదింట ఎనిమిది వంతుల దాకా సాగిపోకుండా తిరిగి వస్తుందని. దుకాణం పెద్దాయన 45 మిల్లీమీటర్లవి తీసి ఇచ్చాడు. "పొడుగైతే బలం కదమ్మా" అన్నాడు. పాఠం చెప్పే మనిషిని, నోరు మూసుకుని తెచ్చుకున్నాను.

బిగించాను. గట్టిగా బిగుసుకున్నాయి, పానా ఇంక తిరగలేదు. కంపెనీ బోల్టులకు 12 నంబరు పానా, హార్డ్‌వేర్ దుకాణం బోల్టులకు 13 నంబరు పట్టింది. రెండూ ఇంట్లో ఉన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. బండి తీసి వడ్డేపల్లి చెరువు కట్ట దాకా వెళ్లేసరికి వెనక నుంచి పళ్లు కొరికినట్టు చప్పుడు. దిగి క్యారియర్ పట్టి ఊపితే ఊగింది. బోల్టు బిగుతుగా ఉంది, క్యారియర్ వదులుగా ఉంది!

ఇంటికొచ్చి దేవుడి గూట్లోంచి కాలిపోయిన అగరుబత్తి పుల్ల తీశాను. చట్రం రంధ్రంలోకి పోనిచ్చి, అడుగు తగిలిన చోట గోటితో గుర్తుపెట్టి, స్కేలు మీద కొలిచాను. 22 మిల్లీమీటర్లు. లోపల మూసి ఉంది. నేను పెట్టిన బోల్టులో చట్రం బయటే ఉండిపోయే మందం 18 పోతే లోపలికి వెళ్లాల్సింది 27. అది అడుగుకు తగిలి అక్కడే ఆగిపోయింది, తలకీ పలకకీ మధ్య ఐదు మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది. నేను బిగించింది క్యారియర్‌ను కాదు, చట్రం అడుగును. కొన్ని బండ్లలో ఆ రంధ్రం లోపల మూసి ఉండదు. అలాంటి చోట ఈ పొడుగు బోల్టు ఆగకుండా పోయి టెయిల్ లైటు వైరునో, ఇంకా లోపల ఉంటే పెట్రోలు ట్యాంకునో పలకరిస్తుంది. ఆ సంగతి తలుచుకుంటే నా చప్పుడు అదృష్టమే.

మందం ఎంత పెరిగిందో బోల్టు పొడుగూ అంతే పెరగాలి. మందం పది పెరిగింది, ఇరవై అయిదు కాస్తా ముప్పై అయిదు కావాలి. లోపలికి దిగేది మళ్లీ పదిహేడే, కంపెనీవాళ్లు ఎంత దింపారో అంత. లెక్క ఇంత చిన్నది. దాన్ని చేరడానికి నాకు రెండుసార్లు స్టేషన్ రోడ్డు, ఒక అగరుబత్తి పుల్ల కావలసి వచ్చాయి. పెద్దాయన రెండోసారి ఏమీ అనలేదు, పాతవి వాపసు తీసుకున్నాడు.

మిగతాదంతా ఓపిక పని. నాలుగు రంధ్రాల్లో ఒకదానికి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. సుత్తితో క్యారియర్ కాలు వంచితే సరిపోతుందని మా ఆయన సలహా. వంచితే వెల్డింగు దగ్గర పగులు మొదలవుతుంది, అది ఆరు నెలల తర్వాత దారిలో బయటపడుతుంది. గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్నే కొంచెం సాగదీశాను. రాసిన చోట రంగు పూయకపోతే ఒక వానాకాలానికే తుప్పు పడుతుంది, అందుకని గోళ్ల రంగు పూశాను. ఎరుపే ఉంది ఇంట్లో. అమ్మ వేలు కోసిన వెల్డింగు అంచును అదే ఆకురాయితో అరగదీసి, సైకిల్ ట్యూబు పట్టీ చుట్టాను. నాలుగు బోల్టులూ వేలితో తిరిగినంతవరకు తిప్పి, ఆ తర్వాతే ఎదురెదురువి ఒకటొకటిగా బిగించాను. ఒకటి పూర్తిగా బిగించి మిగిలినవి మొదలుపెడితే నాలుగోది రంధ్రంలో వంకరగా దిగుతుంది, మర చెడుతుంది. ఈ లావు బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు. జానెడు కంటే కాస్త పొట్టి పానా చివర పదిహేను కిలోల బలంతో లాగితే అంత అవుతుంది. దాని మీద నిలబడి తొక్కనక్కర్లేదు.

చివరిగా బిగించకముందే చూసుకోవలసినవి రెండున్నాయి. సీటు పూర్తిగా తెరుచుకోవాలి. పెట్రోలు మూత వెనక ఉన్న బండ్లలో మూతకు చేయి అందాలి. బంకు దగ్గర నాలుగు బోల్టులు విప్పే మనిషిని చూస్తే వెనక వరస ఏమంటుందో మీకు తెలుసు. సంచి కట్టాక టెయిల్ లైటూ నంబరు పలకా మూసుకుపోకూడదని వేరే చెప్పాలా?

కట్టడానికి ఇనుప కొక్కేలున్న సాగే తాడు కొనుక్కోమని అందరూ చెబుతారు. నాకు పాత సైకిల్ ట్యూబు కోసిన పట్టీయే ఇష్టం. కొక్కెం జారితే కంటికి వస్తుంది, పట్టీ జారితే నేల మీద పడుతుంది. అన్నట్టు, క్యారియర్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. హ్యాండిల్ కంటే క్యారియర్ వెడల్పు తక్కువగా ఉండాలి. లేకపోతే ఇన్ని లెక్కలు వేసి కింద హ్యాండిల్ దాచి పెట్టినట్టే, పక్క నుంచి చేయి దూరదు. నాది దాదాపు రెండు వేళ్లు తక్కువ ఉండడం నా తెలివి కాదు, యాదృచ్ఛికం.

"ఇంత గొడవ ఎందుకు, కారు కొనుక్కోవచ్చు కదా" అని మా స్టాఫ్‌రూములో ఒకరన్నారు. కారు కొన్నా బతుకమ్మ రోజు పద్మాక్షి గుండం దగ్గర దాన్ని ఎక్కడ పెడతారో ఆయన చెప్పలేదు. ఇంకొకరు, మగవాళ్లు కూర్చుంటే హ్యాండిల్ అవసరమే ఉండదన్నారు. ఉండకపోవచ్చు. మా ఇంట్లో మగవాళ్లు వెనక కూర్చోరు, అదో వేరే వ్యాసం.

ఆ తర్వాతి శనివారం అమ్మ వచ్చింది. బియ్యం కాళ్ల దగ్గర, మిర్చి క్యారియర్ మీద. ఎక్కి, చీర సర్దుకుని, ఎడమ చేయి వెనక్కి పోనిచ్చింది. ఏమీ అడగలేదు. కొంచెం దూరం పోయాక, "ఇది మెత్తగా ఉందేమిటి?" అంది, ట్యూబు పట్టీ తగిలి.

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి చూడాలని నాకు నేనే పెట్టుకున్న నియమం. చూశాను. మూడు కదల్లేదు. ఎడమ వైపు వెనక బోల్టు ఒక్కటి పావు చుట్టు తిరిగింది. అమ్మ చేయి పట్టుకునేది ఆ వైపే. స్ప్రింగ్ వాషరు మార్చి మళ్లీ బిగించాను. ఈ నెలాఖరున ఆమె వచ్చి వెళ్లాక ఇంకోసారి చూడాలి.